కరబూష్ మోసిన నీళ్ళు

మోత్రు,
3 ఫిబ్రవరి 2019, ఆదివారం

గౌరవనీయులైన ఎఫ్తీమియా అత్తయ్య గారికి,

నేను స్మరాండాని, మీ తమ్ముడు మిర్చా కూతుర్ని. మీరు నన్ను చివరిసారి చూసినప్పుడు నాకింకా పళ్ళు రాలేదట. ఇప్పుడు ఏడో తరగతి చదువుతున్నాను. పళ్ళన్నీ వచ్చాయి, ముందు పన్ను ఒకటి కొంచెం విరిగింది కూడా.

అబద్ధం ఎందుకు, ఈ ఉత్తరం హోంవర్కు. ఈ ఏడాది మా బడిలో రోబోల క్లబ్బు పెట్టారు. "జన్మలో రోబోని చూడని మనిషిని ఒకరిని వెతుక్కుని, వాళ్ళకి అర్థమయ్యేలా ఉత్తరం రాయండి. వాళ్ళకి అర్థమైతేనే మీకు అర్థమైనట్టు" అన్నారు లవీనియా టీచర్. మిగతా పిల్లలు తాతయ్యలకి రాస్తున్నారు. నాకు తాతయ్యలు లేరు. మీ మఠంలో టీవీ లేదనీ, ఉన్న ఒక్క ఫోనూ మఠం నడిపే పెద్ద తల్లిగారి గదిలో ఉంటుందనీ మూడో అంతస్తు వేతా మామ్మ చెప్పింది. దీనికి మీకంటే సరిపోయినవాళ్ళు దొరకరనిపించింది. ఏమీ అనుకోకండి.

రోబో అంటే ఇనుప మనిషి కాదు. నాది బూట్ల డబ్బా మూతంత ఉంటుంది, మూడు చక్రాలు. రోబో అనిపించుకోవాలంటే దానికి మూడు పనులు రావాలి. తెలుసుకోవాలి, ఆలోచించాలి, చెయ్యాలి. తెలుసుకోడానికి సెన్సార్లు, అంటే మనకి కళ్ళూ చెవులూ ఉన్నట్టు. నా దానికి కడుపు కింద రెండు కళ్ళున్నాయి. అవి నేల మీదికి వెలుగు వేస్తాయి. తెల్ల నేల ఆ వెలుగుని వెనక్కి పంపుతుంది, నల్ల టేపు మింగేస్తుంది. లోకంలో దానికి కనిపించేవి ఆ రెండే, నలుపూ తెలుపూ. ఎడమ కంటికి నలుపు తగిలితే ఎడమకి తిరుగు, కుడి కంటికి తగిలితే కుడికి తిరుగు, లేకపోతే ముందుకు పో అని నేను దానికి రాసిపెట్టాను. అలా టేపు వెంబడే పోతుంది. నేను రాసిందే చేస్తుంది, రాయనిది చచ్చినా చెయ్యదు.

మా ఫ్లాటు కింది అంతస్తులోనే, మొజాయిక్ నేల. వంటింటి నుంచి నాన్న మంచం దాకా టేపు వేశాను. తిన్నగా పోక గోడల్ని గుద్దుకుంటుంటే నాన్న నవ్వి, "మే నెలలో దీపాలకి కొట్టుకునే పురుగులా ఉందే" అని దానికి కరబూష్ అని పేరు పెట్టాడు.

నాన్నకి ఒంట్లో బాగాలేదు. గొంతులో వాపు. క్రిస్మస్ నుంచి పనికి వెళ్ళడం లేదు. మీరు దేవుడికి దగ్గర కాబట్టి ఒక మాట వెయ్యండి. మీకు రాస్తున్నట్టు ఆయనకి చెప్పలేదు. మీ పేరెత్తితే కిటికీ వైపు తిరిగిపోతాడు.

అర్థమైందో లేదో రాయండి. మార్కులుంటాయి.

ఇట్లు,
స్మరాండా


మఠం నుంచి,
12 ఫిబ్రవరి

ఒసే పిల్లా,

ముందు ఆ "గౌరవనీయులు" తీసెయ్. మీరూ గీరూ అనకు. నేను మీ నాన్న ముక్కు తుడిచి పెంచిన మనిషిని.

నీ ఉత్తరం పెద్ద తల్లిగారు విప్పి చదివి, నవ్వి, నాకిచ్చారు. ఇప్పుడు మఠంలో అందరికీ కరబూష్ తెలుసు. మగ్గం దగ్గర కూర్చున్న సిస్టర్ పెలాగియా, "నీళ్ళు పెడితే తాగుతుందా?" అని అడిగింది. ఆవిడ వయసు ఎనభై దాటింది, ఏమీ అనకు.

అర్థమైంది. నీ హోంవర్కుకి పూర్తి మార్కులు వెయ్యమని టీచరుకి చెప్పు. నాకు ఇంత తొందరగా ఎందుకు అర్థమైందో తెలుసా? ఈ నల్ల బట్టలు కట్టక ముందు గనిలో దీపాల కిటికీ దగ్గర పనిచేశాను. లోపలికి దిగే ప్రతివాడూ కొక్కెం మీది దీపం తీసుకుపోతాడు, పైకొచ్చాక తగిలిస్తాడు. కొక్కెం ఖాళీగా ఉంటే మనిషి కిందున్నాడు, దీపం ఉంటే పైకొచ్చాడు. ఆ కొక్కేలే మా సెన్సార్లు. కానీ మనిషి కింద నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో కొక్కేనికేం తెలుసు? నీ పురుగు కూడా అంతేనన్నమాట.

మీ నాన్న కిటికీ వైపు ఎందుకు తిరుగుతాడో ఎవరూ చెప్పలేదా? నేను చెప్తా విను. నేను మఠంలో చేరతానంటే వాడికి ఒళ్ళు మండిపోయింది. "పో, నాకు అక్క చచ్చిపోయింది" అన్నాడు. అనడంతో ఊరుకున్నాడా? నా ఎర్ర కోటుకి కొవ్వొత్తి కట్టి, తువాలు చుట్టి, చచ్చినవాళ్ళ పేరున ఇచ్చినట్టు వేతాకి దానం ఇచ్చేశాడు. ఆవిడేమో సిగ్గూ ఎగ్గూ లేకుండా "దేవుడు ఆమెని క్షమించుగాక" అని పుచ్చేసుకుంది. నేను మెట్ల మీద సంచీ పట్టుకుని నిలబడి చూస్తూనే ఉన్నా! బతికుండగానే పైలోకంలో నాకో కోటు సిద్ధం చేశాడు మా తమ్ముడు. ఇక్కడ మాత్రం చలికి వణుకుతున్నా.

నవ్వుతూ రాస్తున్నా కానీ పిల్లా, వాడి గొంతు సంగతి సరిగా రాయి. ఏ డాక్టరు చూస్తున్నాడు? ఏం తింటున్నాడు? మీ అమ్మ నాకు రాయదు. ఇక నువ్వే నా కళ్ళు.

మీ అత్తయ్య


మోత్రు,
24 ఫిబ్రవరి

అత్తయ్యా,

నువ్వు అనమన్నావు కాబట్టి నువ్వు అంటున్నా. కొంచెం భయంగానే ఉంది.

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించా. తిడతాడేమో అనుకున్నా. కోటు దగ్గరికొచ్చేసరికి నవ్వబోయి దగ్గొచ్చింది.  ఆగాక, "మరి ఇప్పుడు చలికి ఏం వేసుకుంటోందట?" అని అడిగాడు. ఏం చెప్పను? నువ్వేం వేసుకుంటావో రాయి.

క్రయోవా పెద్దాసుపత్రి డాక్టరు జనవరిలో "నీళ్ళు బాగా తాగించండి, అదే ముఖ్యం" అన్నాడు. అమ్మ బేకరీకి తెల్లవారకుండానే పోతుంది. నేను బడికి పోతాను. అందుకే కరబూష్‌కి కొత్త పని నేర్పాను. దాని వీపు మీద నాన్న ఎనామెల్ కప్పు పట్టేలా గూడు కట్టాను. గూడు అడుగున బరువు తెలిసే స్విచ్ ఉంది. వంటింట్లో కప్పు నింపి పెడితే టేపు వెంబడి మంచం దాకా పోయి ఆగుతుంది. ఆగి కీచుమని అరుస్తుంది. నాన్న కప్పు తీసి, తాగి, ఖాళీది మళ్ళీ పెట్టేదాకా అరుస్తూనే ఉంటుంది. బరువు తగ్గితే ఊరుకుని వెనక్కొస్తుంది. తగ్గకపోతే కదలదు. దీన్నే "అయితే-లేకపోతే" అంటారు. ప్రోగ్రాంలో సగం ఇదే.

కప్పు ఎన్నిసార్లు ఖాళీ అయిందో అది గుర్తు పెట్టుకుంటుంది. బడి నుంచి రాగానే మీట నొక్కి చూసుకుంటా. నేను బడిలో ఉన్నప్పుడు పక్కింటి ఇలోనా గారు మధ్యమధ్య వచ్చి కప్పు నింపి పోతారు. నిన్న నాలుగు, ఇవాళ ఐదు!

టీచరు నన్ను మేలో జిల్లా పోటీకి పంపుతానంటున్నారు. నాన్న లేచి తిరిగితే నాతో వస్తానన్నాడు.

నీ స్మరాండా


మఠం నుంచి,
5 మార్చి

బంగారు తల్లీ,

ఐదు కప్పులా! నా నెత్తిన పాలు పోశావు. కరబూష్ పేరు ప్రార్థన చీటీలో రాయమని పెలాగియా పట్టుపట్టింది. చక్రాలున్నవాటి కోసం ప్రార్థన లేదని చెబితే మూతి ముడుచుకుని కూర్చుంది.

చలికి ఏం వేసుకుంటోందని అడిగాడా వాడు? ఆ మాట చదివి మగ్గం ముందు కూర్చుని ఏడ్చాను. దారాలు తడిసిపోయాయి. రెండు స్వెట్టర్లు వేసుకుంటున్నానని చెప్పు. ఒకదానికి మోచేతుల దగ్గర చిల్లులున్నాయని చెప్పకు.

ఇప్పుడు నిజం అడుగుతున్నా, నిజమే రాయాలి. ఇంకో వారంలో పెద్ద ఉపవాసాలు మొదలవుతాయి. ఒకసారి మొదలైతే ఈస్టర్ దాకా మఠం గేటు దాటడం కష్టం. పైగా బిషప్పు గారి తివాచీ మగ్గం మీద సగంలో ఉంది. వాడికి బాగా లేదంటే పెద్ద తల్లి కాళ్ళు పట్టుకునైనా ఇప్పుడే వస్తా. కోలుకుంటున్నాడంటే ఈస్టర్‌కి వచ్చి, పండగ గుడ్డు వాడి గుడ్డుతో కొట్టి, వాడిది పగలగొట్టి గెలిచి, దెబ్బలాడి వెళ్తా. దెబ్బలాటకి ఓపికుండాలి కదా ఇద్దరికీ.

ఏది చెయ్యమంటావు?

అత్తయ్య


మోత్రు,
15 మార్చి

అత్తయ్యా,

ఈస్టర్‌కే రా. అప్పుడు పండగలా ఉంటుంది. నాన్న కోలుకుంటున్నాడు, నా దగ్గర సాక్ష్యం ఉంది. ఈ వారం రోజూ ఏడు కప్పులు! ఒక్కటి కూడా నిండుగా మంచం దగ్గర ఆగిపోలేదు. గీత గీసి గోడకి అంటించా, మెట్లలా పైకి పోతోంది. టీచర్ చూసి, "ఊహలు కాదు, కొలతలు మాట్లాడాలి. ఇదీ పద్ధతి" అని క్లాసందరికీ చూపించారు.

మాట మాత్రం తగ్గింది నాన్నకి. గొంతుకి విశ్రాంతి అని అమ్మ చెప్పింది. బలానికి నర్సు వచ్చి చేతికి సూది పెట్టి సీసా ఎక్కిస్తోంది. అమ్మ ఈ మధ్య ఊరికే చిరాకు పడుతోంది. "ఏడు కప్పులమ్మా!" అని చెప్తే అటు తిరిగి గిన్నెలు తోముతుంది. బేకరీలో పని ఎక్కువైనట్టుంది.

నువ్వు రాగానే కరబూష్ తలుపు దాకా ఎదురొచ్చేలా టేపు పొడిగిస్తున్నా. నీ కోసం ఒక్క అంగుళం కూడా తక్కువ కాకుండా చూస్తా.

కిటికీలో నానమ్మ నాటిన ఎర్ర జెరేనియం మాత్రం పసుపు రంగుకి తిరిగిపోతోంది. ఆకులు రాలుతున్నాయి. ఎండ చాలక అనుకుంటా. నువ్వొచ్చి మందు చెప్పు, నానమ్మ మొక్కల సంగతి నీకే తెలుసని నాన్న అనేవాడు.

స్మరాండా


మఠం నుంచి,
26 మార్చి

తల్లీ,

సరే, ఈస్టర్‌కే. పెద్ద తల్లిగారి అనుమతి దొరికింది, మూడు రోజులు. తివాచీ మీద ఇప్పుడు అంచు పూలు నేస్తున్నా. చెయ్యి పరిగెడుతోంది, మనసు తేలికైతే చేతికి కాళ్ళొస్తాయి.

వాడికి ఎండు పుదీనా పంపుతున్నా. ఒక కప్పులో వేడినీళ్ళతో వేసి కరబూష్ మీద పంపు. అది ఎనిమిదో కప్పు.

జెరేనియానికి నీళ్ళు తగ్గించి చూడు. అది ఎండకి పుట్టిన మొక్క, దాహాన్ని ఓర్చుకుంటుంది, తడిని ఓర్చుకోలేదు.

అత్తయ్య


మోత్రు,
20 ఏప్రిల్

ఎఫ్తీమియా అత్తయ్య గారికి,

సమాధి దగ్గర నుంచి నేను పారిపోయానని మీకు కోపం వచ్చిందని అమ్మ చెప్పింది. క్షమించమని రాయమంది. రాస్తున్నాను, క్షమించండి.

కానీ మీరు నన్ను అందరి ముందూ అడిగారు. నాన్న పెట్టె పక్కనే నిలబడి, "ఏడు కప్పులు తాగాడని రాశావు కదే! ఏవీ ఆ కప్పులు? ఎవరు తాగారే వాటిని?" అన్నారు. బేకరీ వాళ్ళూ, టీచరూ, మా క్లాసు పిల్లలూ అందరూ ఉన్నారు. నేను పరుగెత్తాను. ఇంటికొచ్చి చూస్తే జవాబు కిటికీలో ఉంది. జెరేనియం కుండీలో వేలు పెడితే బురద. వేళ్ళు కుళ్ళిపోయి చేతికి ఊడొచ్చేశాయి.

నాన్న మార్చి మొదటి నుంచీ మింగలేకపోయాడట. అందరికీ తెలుసు. అమ్మకి, నర్సుకి, ఇలోనా గారికి, ఆఖరికి వేతా మామ్మకి కూడా. నేనొక్కదాన్నే గోడ మీద మెట్లు గీసుకుంటూ కూర్చున్నా. కప్పు తేలికైందని మాత్రమే కరబూష్‌కి తెలుసు. నేను దాన్ని "తాగాడు" అని మీకు రాశాను. అది అబద్ధం చెప్పలేదు. చెప్పింది నేను.

నేను ఈస్టర్‌కే రమ్మనకపోతే మీరు మార్చిలోనే వచ్చేవారు. నాన్న బతికుండగా వచ్చేవారు. ఇది నాకు తెలుసు, మీకూ తెలుసు.

ఒక్కటే అడగాలి. మీరు ఆ సంగతులు చదువుకున్నవారు. దాహంతో పోయినవాళ్ళు అక్కడ కూడా దాహంగానే ఉంటారా?

స్మరాండా


మఠం నుంచి,
27 ఏప్రిల్, పండగ ముందు శనివారం

నా చిట్టితల్లీ,

నీకు కాదు, నాకు బుద్ధి లేదు. తమ్ముడి మొహం చూడగానే మతి పోయి, నోటికొచ్చింది ఒక పసిపిల్ల మీద కుమ్మరించాను. నీకు మళ్ళీ "మీరు" నేర్పించింది నా నోరే. దాన్ని ఈ వారమంతా మూసుకుని కూర్చున్నా.

కొక్కేనికేం తెలుసని నీకు రాసింది నేనే కదే? రాసిన నేనే మర్చిపోయాను. ఏడు కప్పులని నువ్వు రాస్తే ఎగిరి గంతేశాను. గొంతులో పుండున్నవాడు ఏడు కప్పులు ఎలా తాగుతాడని ఇంత వయసొచ్చి ఒక్కసారి ఆలోచించానా? నాకు కావలసిన మాట నువ్వు రాశావు, నేను పట్టుకున్నాను. నీ మీద పెట్టుకున్న బరువులో పెద్ద భాగం నాది. ఇలా ఇవ్వు.

మీ నాన్నని పూడ్చి వచ్చాక ఆ రాత్రి మీ అమ్మ నాకు ఒక సంగతి చెప్పింది. నీకు తను చెప్పలేనంది, నన్ను రాయమంది. కరబూష్ చప్పుడు వినగానే మీ నాన్న కళ్ళు తెరిచేవాడట. కప్పు తీసి, పక్కకి ఒరిగి, కుండీలో పోసి, ఖాళీది మళ్ళీ గూట్లో పెట్టేవాడు. ఒకసారి సగం దుప్పటి మీద ఒలికిపోయింది. "ఎందుకయ్యా ఈ అవస్థ, మానెయ్" అని మీ అమ్మ అంటే, గుసగుసగా అన్నాడట. "కప్పు తియ్యకపోతే అది పాపం అరుస్తూ అక్కడే నిలబడిపోతుంది. పిల్ల దానికి అలా నేర్పింది. వెనక్కి పోతే పిల్ల సంతోషిస్తుంది."

తల్లీ, వాడికి నీళ్ళు దిగలేదు. కానీ నువ్వు పంపావన్న సంగతి దిగింది. ఆ పురుగు వచ్చిన ప్రతిసారీ దిగింది.

నీ ప్రశ్నకి జవాబు నాకు తెలియదు. నల్లబట్టలు కట్టినంత మాత్రాన పైనుంచి ఉత్తరాలు రావు. మన వైపు వాళ్ళకి తెలిసింది ఒకటే. మనిషి పోయాక నలభై రోజులు ఒక పిల్ల ఇంటింటికీ నీళ్ళు మోస్తుంది. ఇక్కడ ఎవరు తాగినా అక్కడ పోయినవాళ్ళకి అందుతుంది. నలభయ్యో రోజున ఏటిని సాక్షి పెట్టి చివరి నీళ్ళు వదులుతారు. వేతాని అడుగు. ఆ కోటు దొంగకి ఈ విషయాలు మా పెద్ద తల్లి కంటే బాగా తెలుసు.

"నువ్వు" అనవూ?

అత్తయ్య


మోత్రు,
8 మే

అత్తయ్యా,

నువ్వు పంపిన ఉత్తరం బాత్రూంలో గడియ పెట్టుకుని చదివాను. అమ్మ బయట తలుపుకి ఆనుకుని కూర్చుంది. తర్వాత ఇద్దరం అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాం.

నీళ్ళు మొయ్యడం మొదలుపెట్టాను. కానీ పాడు చేశాను.

నాన్నకి నీళ్ళు మోసింది కరబూషే కదా, ఇప్పుడూ అదే మొయ్యాలి అనుకున్నా. వసారా పొడుగునా అందరి గుమ్మాల దాకా టేపు వేశాను. కప్పుకి నల్ల దారం కట్టి, కొవ్వొత్తి ముక్క పెట్టాను. అది గుమ్మం ముందు ఆగి అరుస్తుంది, వాళ్ళు తలుపు తీసి తాగుతారు, అది వెనక్కొస్తుంది. మొదటి రోజు అన్ని ఇళ్ళూ అయిపోయాయి. హాయిగా అనిపించింది.

వేతా మామ్మ మెట్లు దిగుతూ చూసి గుండెలు బాదుకుంది. "ఇదేం మాయదారి పనే! చక్రాలకి కాళ్ళు నొప్పెడతాయా? చెయ్యి లాగుతుందా? నొప్పి లేనిది మోత ఎలా అవుతుందే? రేపు ఏటి ఒడ్డున నిలబడి ఎవరు మోశారని నీళ్ళు అడిగితే ఏం చెప్తావు, బ్యాటరీ మోసిందనా?"

నాకు కోపం వచ్చింది. మూడో అంతస్తుకి అది ఎక్కలేదని నీకు అక్కసు అనేశాను. ఆవిడ చెయ్యెత్తి, కొట్టకుండా వెళ్ళిపోయింది.

కానీ మర్నాడు చివరి ఫ్లాటు గోగూ గారి తలుపు సందులోంచి చూశాను. ఆయన కప్పు తీసి, నేల తుడిచే బకెట్లో పోసేసి, ఖాళీది మళ్ళీ పెట్టాడు. "చచ్చినవాళ్ళ నీళ్ళు నాకెందుకు" అని లోపల గొణుక్కుంటున్నాడు. కరబూష్ అరుపు ఆపి తిరిగొచ్చేసింది. దాని లెక్కలో ఆ ఇల్లు కూడా అయిపోయింది.

అత్తయ్యా, మళ్ళీ అదే! నాన్నకి మళ్ళీ అందలేదు. మొదటి రోజు ఎంతమంది తాగారో, ఎంతమంది పారబోశారో నాకు తెలీదు. టేపంతా పీకేశాను. ఉండచుట్టి పారేశాను. కరబూష్ బల్ల కింద ఉంది. పోటీకి రానని టీచర్‌తో చెప్పేశా.

ఇప్పుడు నేనేం చెయ్యాలి?

స్మరాండా


మఠం నుంచి,
13 మే

తల్లీ,

నలభయ్యో రోజుకి నేను రాలేను. పండగ వారమంతా నిలబడి నిలబడి మోకాలు గుమ్మడికాయంత అయింది. బస్సు మెట్టు కాదు కదా, గుడి మెట్టు ఎక్కలేకపోతున్నా. మంచంలో పడుకుని రాస్తున్నా కాబట్టి చిన్న ఉత్తరం.

ఆ పురుగు మీద కోపం పెట్టుకోకు. దానికి నువ్వు రెండు కళ్ళే పెట్టావు, అవి నేల చూస్తాయి. నీకు దేవుడిచ్చిన కళ్ళు మొహాలు కూడా చూస్తాయి. కొన్ని రోజులు ఇంకా మిగిలున్నాయి కదా.

వేతాకి క్షమాపణ చెప్పు. ఆవిడ మాట కరకు కానీ మీ నాన్నకి స్నానం చేయించి బట్టలు తొడిగింది ఆవిడే.

అత్తయ్య


మోత్రు,
21 మే

అత్తయ్యా,

అయిపోయింది. నిన్నగాక మొన్న ఆదివారం మోత్రు ఏట్లో నీళ్ళు వదిలాం. అన్నీ చెప్తా.

నీ ఉత్తరం వచ్చిన రోజే బకెట్టూ కప్పూ తీసుకుని నేనే బయల్దేరా. మొదట పై అంతస్తులు. బకెట్టు కాలికి కొట్టుకుని మోకాలి కింద నల్లగా కమిలిపోయింది. వేతా మామ్మ చూసి, "ఊఁ, ఇప్పుడు మోతలా ఉంది" అంది. క్షమించమని అడిగితే, "అడిగిందే చాల్లే, లోపలికి రా" అని పోయినవాళ్ళ పేరున వండే తీపి గోధుమలు పెట్టింది.

కానీ నేను కప్పు ఇచ్చి వచ్చెయ్యడం లేదు. గుమ్మంలో నిలబడి చూస్తున్నా. గొంతు కదిలేదాకా. ఇలోనా గారు "పెట్టి వెళ్ళమ్మా, తర్వాత తాగుతా, పొయ్యి మీద పులుసుంది" అన్నారు. "పులుసు దించి తాగండి, నేనుంటా" అన్నా. రెండో అంతస్తు డ్రైవరు నిద్రలోంచి లేచొచ్చి తిట్టుకుంటూ తాగాడు. తాగాక మాత్రం "మీ నాన్న మంచివాడు" అన్నాడు.

గోగూ గారు తలుపు తియ్యలేదు. మెట్ల మీద కూర్చున్నా. లోపల టీవీ ఆపాడు, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ ఆపాడు. చివరికి తీసి, "ఏం కావాలి నీకు?" అన్నాడు. "మీరు మొన్న బకెట్లో పోశారు. నేను చూశాను. మా నాన్నకి చాలా దాహంగా ఉంది" అన్నా. అంతకంటే రాలేదు నోటికి, ఏడుపొచ్చేసింది. ఆయన కప్పు రెండు చేతులతో పట్టుకుని మొత్తం తాగి, "మిర్చాని దేవుడు క్షమించుగాక" అని, ఇంకో కప్పు అడిగాడు. "మొన్నటిది" అన్నాడు.

ఏటి దగ్గర వేతా మామ్మ చెక్కముక్క మీద కొవ్వొత్తి వెలిగించి నీళ్ళ మీద పెట్టించింది. నేను చెప్పాల్సిన మాటలు నేర్పింది. "నీళ్ళూ, నువ్వే సాక్షి, మిర్చా కోసం నీళ్ళు మోసింది స్మరాండా" అని. నేను చెప్పా. చెప్పి, ఆవిడ నేర్పనిది కూడా కలిపా. "తాగడం నా కళ్ళతో చూశాను. మొదటి రోజు చూడలేదు, అందుకే అన్ని ఇళ్ళకీ మళ్ళీ మోశాను. ఒక్క ఇల్లు మాత్రం మిగిలింది." ఆవిడ నన్ను గిల్లింది. "మిగిలిందేంటే? ఏ ఇల్లు?" చెక్కముక్క రాళ్ళ దగ్గర కాసేపు తిరిగి, వెళ్ళిపోయింది. అమ్మ నా భుజం వదల్లేదు.

మిగిలిన ఇల్లు నీది.

ఇంటికి తిరిగొస్తుంటే వేతా మామ్మ ఉన్నట్టుండి, "మీ నాన్న నన్ను మార్చిలో పిలిపించాడే" అంది. మాట రాక కాగితం ముక్క మీద రాసి చూపించాడట, "అక్క బతికే ఉంది. కోటు ఇచ్చెయ్" అని. మరి ఇన్నాళ్ళూ ఎందుకివ్వలేదని అమ్మ అడిగితే, "ఉన్ని కోటు, మంచి కోటు, చలికాలం పోనీ అనుకున్నా" అంది! నువ్వన్నట్టే సిగ్గూ ఎగ్గూ లేదు. కానీ బీరువాలోంచి తీసి ఇచ్చేసింది. రంగు కొంచెం వెలిసింది, బొత్తాలన్నీ ఉన్నాయి. మఠంలో ఎర్ర రంగు వేసుకోనివ్వరేమో నాకు తెలీదు. మంచం మీద కప్పుకుంటే పెద్ద తల్లిగారు ఏమనరు కదా?

కరబూష్‌ని క్లబ్బుకి ఇచ్చేశా. ఐదో తరగతి పిల్లలు "ఇది ఏం చేస్తుంది?" అని అడిగారు. నీళ్ళు మోస్తుంది అని చెప్పా. తాగారో లేదో దానికి తెలుస్తుందా అని ఒకడు అడిగాడు. నేనింకా ఏమీ చెప్పకముందే! తెలీదు, వెళ్ళి చూడాలి అన్నాను. టీచర్ నల్లబల్ల వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. ఏట్లో వదలక ముందు మన బకెట్లోంచి ఒక సీసా పట్టి దాచాను. అమ్మ పోస్టులో పంపమంది. పంపను. పంపితే నువ్వు "తాగాను తల్లీ" అని రాస్తావు. నువ్వు అబద్ధం చెప్తావని కాదు. కానీ కాగితం మీద ఎన్ని కప్పులైనా ఖాళీ అవుతాయి అత్తయ్యా, మనిద్దరికీ తెలుసు.

అందుకే ఈ ఉత్తరానికి జవాబు రాయకు. శనివారం పొద్దున బస్సుకి నేనే వస్తున్నా. సీసా, నాన్న కప్పూ, కోటూ సంచిలో ఉంటాయి. నువ్వు లేవక్కర్లేదు, మంచం మీదే ఉండు. నేను పక్కన కూర్చుంటా.

నువ్వు మింగేదాకా కదలను.

నీ స్మరాండా